నీళ్ళ మీద సరుక్కి గడువు ఇచ్చారు, నీళ్ళలో ఉన్న రొయ్యకి ఇవ్వలేదు

మా బాబాయికి ఆకివీడు దగ్గర నాలుగు రొయ్యల చెరువులు ఉన్నాయి, రెండు సొంతం, రెండు లీజు. 2025 ఏప్రిల్ మొదటి వారంలో పెద్ద చెరువు పట్టుబడికి వచ్చింది. నిజానికి వారం ముందే పట్టేయొచ్చు, కానీ మార్చి 29న అమావాస్య. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పెంకు వదులుతుంది, ఆ రెండుమూడు రోజులు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అప్పుడు వల వేస్తే ఏజెంటు చేత్తో నొక్కి చూసి "సాఫ్ట్ ఉందండి" అని రేటు కోసేస్తాడు. అందుకని బాబాయ్ పెంకు గట్టిపడేదాకా ఆగి ఏప్రిల్ 5న పట్టుబడి పెట్టుకున్నాడు. 2వ తారీఖు సాయంత్రం ఏజెంటు గారు రేటు చెప్పారు, ఐస్ చెప్పుకున్నారు, వల వాళ్ళకి అడ్వాన్స్ ఇచ్చారు. మనం నిద్రపోయిన టైములో వాషింగ్టన్‌లో ట్రంప్ ఓ పెద్ద అట్ట పట్టుకుని ఏ దేశం మీద ఎంత సుంకమో చదివాడు, మనకి 26 శాతం అన్నాడు. తెల్లారి 3వ తారీఖు ఫోన్ చేస్తే రేటు కిలోకి 40 రూపాయలు తగ్గింది, అదీ ఇవాల్టి వరకేనండి రేపటి సంగతి చెప్పలేం అన్నారు.

ఇప్పుడు బాబాయ్ ఏం చెయ్యాలి? ఆగుదామంటే 12న పౌర్ణమి, మళ్ళీ పెంకు వదులుతుంది. ఆగినన్ని రోజులూ మేత వెయ్యాలి, నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పాలి, ఆ ఎండల్లో ఏదో ఒక తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే చెరువులో రొయ్య మొత్తం చచ్చి తేలిపోతుంది, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు భయం ఎలాగూ ఉంది. పట్టేశాడు. 5వ తారీఖే పట్టేశాడు, చెప్పిన రేటుకే ఇచ్చేశాడు. 9వ తారీఖున అదే ట్రంప్ ఆ సుంకాలు 90 రోజులు ఆపుతున్నాం, అప్పటిదాకా 10 శాతమే అన్నాడు, రేటు కాస్త లేచింది. నాలుగు రోజులు. నూటపది రోజులు పెంచిన పంట నాలుగు రోజుల తేడాలో పోయింది.

సంరక్షణవాదం, స్వేచ్ఛా వాణిజ్యం అని టీవీల్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే సుంకం ఎంత శాతం, ఎవరు గెలిచారు, మోదీ లొంగాడా లేదా అన్నంతవరకే ఉంటుంది. నేను ఏడాదిగా దీని గురించే చదువుతున్నాను, మా ఇంట్లో ఫోన్ చేసుకుంటే కూడా ఇదే టాపిక్, నాకు అర్థమైంది ఒక్కటే: ఎంత శాతం అన్నదానికన్నా ఎప్పుడు మారుతుందో తెలియకపోవడమే రైతుని ఎక్కువ చంపుతోంది. పంటకి ఒక కాలం ఉంటుంది, పాలసీకి అది లేదు. ఇందులో అమెరికా ఎంత తప్పు చేసిందో మన ఢిల్లీ కూడా అంతే చేసింది, చేస్తూనే ఉంది.

ముందు రొయ్య సంగతే పూర్తిగా చెప్తాను. మన చెరువుల్లో పెరిగేది వనామీ. అది మన రొయ్య కాదు, దాని పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. టైగర్ రొయ్య 1990ల మధ్యలో వైట్ స్పాట్ వచ్చి దెబ్బతిన్నాక చాలా ఏళ్ళు అవస్థ పడి, 2009లో కేంద్రం వనామీకి పర్మిషన్ ఇచ్చాక ఉభయ గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల రూపమే మారిపోయింది. తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి హేచరీలకి ఇస్తారు, హేచరీ నుంచి సీడ్, అంటే రొయ్య పిల్లలు, మన చెరువుకి వస్తాయి, పెరిగాక తల తీసి తొక్క ఒలిచి గడ్డకట్టించి విశాఖ నుంచి మళ్ళీ అమెరికా పంపుతాం. అంటే తల్లి అమెరికా నుంచి వస్తుంది, పిల్లలు అమెరికా పోతాయి, మధ్యలో ఉన్న ఆ మూడున్నర నెలలూ మన గట్టు మీద మనిషి నిద్ర మానుకుని కాపలా కాస్తాడు. 2024-25లో దేశం మొత్తం మీద 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు బయటికి వెళ్ళాయి, అందులో అన్నిటికన్నా పెద్ద వాటా గడ్డకట్టిన రొయ్యది, రొయ్య కొనేవాళ్ళలో మొదటివాడు అమెరికా, రొయ్య పెంచేవాళ్ళలో మొదటివాడు ఆంధ్రా రైతు.

అమెరికా మన రొయ్య మీద గోడ కట్టడం ట్రంప్‌తో మొదలవలేదు. 2003 చివరి రోజున అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో సముద్రంలో రొయ్య పట్టే వేటగాళ్ళు, బయటి దేశాలు మరీ తక్కువ రేటుకి సరుకు దించి తమని దెబ్బతీస్తున్నాయని యాంటీ డంపింగ్ కేసు వేశారు, 2005 ఫిబ్రవరి నుంచి ఇండియా, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా, ఈక్వడార్, బ్రెజిల్ ఈ ఆరింటి మీదా డ్యూటీ పడింది. ఆ డ్యూటీ పద్ధతే విచిత్రం, సరుకు దిగినప్పుడు కట్టేది డిపాజిట్ లాంటిది, అసలు రేటు ఎంతో తర్వాతి ఏళ్ళలో రివ్యూ చేసి తేలుస్తారు, అంటే సరుకు అమ్మి, అక్కడెవరో తిని, అరిగిపోయాక కూడా బిల్లు పెరగొచ్చు. దానికి తోడు రొయ్యలు దిగుమతి చేసుకునేవాళ్ళు ఏడాది డ్యూటీ మొత్తానికి సమానంగా బాండు పెట్టాలన్నారు, దాని మీద ఇండియా ప్రపంచ వాణిజ్య సంస్థకి (డబ్ల్యూటీవో) వెళ్ళి 2008లో గెలిచింది. గెలిచిన సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎందుకంటే గెలిచేసరికి ఆ దెబ్బ తిన్న పంటలు ఎన్నో గడిచిపోయాయి. 2024 చివర్లో ఇంకోటి, ఇండియా ప్రభుత్వం రొయ్య పరిశ్రమకి సబ్సిడీలు ఇస్తోంది కాబట్టి దానికి విరుగుడుగా 5.77 శాతం. 2025 ఆగస్టు 7న 25 శాతం, రష్యా ఆయిల్ కొంటున్నామని ఆగస్టు 27న ఇంకో 25. పాత యాంటీ డంపింగ్ డ్యూటీతో సహా అన్నీ కలిపితే దాదాపు 58 శాతం. అదే టైములో అమెరికాకి మనకన్నా చాలా దగ్గరగా ఉన్న, అదే వనామీ పెంచే ఈక్వడార్ మీద 15 శాతం. పోటీ ఎక్కడుంది ఇంక.

"సుంకం కట్టేది అమెరికా వాడు కదా, మనకేంటి" అని ఆఫీసులో ఒకాయన అన్నాడు నాతో. కాగితం మీద నిజమే, కస్టమ్స్‌లో కట్టేది దిగుమతి చేసుకున్నవాడే. కానీ మన ఎగుమతిదార్లలో చాలామంది డ్యూటీ కూడా తామే భరించి అక్కడ డెలివరీ ఇచ్చే పద్ధతిలో అమ్ముతారు, అలా కాకపోయినా కొనేవాడు "సగం నువ్వు తగ్గించు" అంటాడు. ఎగుమతిదారు ప్లాంట్ రేటు తగ్గిస్తాడు, ప్లాంట్ ఏజెంటుకి తగ్గిస్తుంది, ఏజెంటు బాబాయికి తగ్గిస్తాడు. బాబాయ్ ఎవరికి తగ్గిస్తాడు? మేత కంపెనీకా? మేత బస్తా అప్పుకి తెచ్చింది, పంట అమ్మాక తీరుస్తానని. చెరువు లీజు ముందే కట్టేశాడు. ప్లాంటుకి మైనస్ 18 డిగ్రీల గది ఉంది, సరుకు గడ్డకట్టించి నెలల తరబడి దాచుకోగలదు, కొనేవాడు ఇంకో దేశం చూసుకోగలడు. ఆగగలిగినవాడు ఆగుతాడు, ఆగలేనివాడు కడతాడు. బతికున్న రొయ్య ఆగదు. ఇదే నేను చూసింది, దీనికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు.

ఆగస్టు 27 ఆర్డర్‌లో ఒక లైను చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ తేదీకి ముందే ఓడ ఎక్కి, సెప్టెంబరు 17 లోపు అమెరికాలో దిగిన సరుక్కి ఆ రెండో 25 శాతం వర్తించదు అని ఉంది. న్యాయమే, ఓడ బయల్దేరాక రూలు మారిస్తే వ్యాపారి ఏం చేస్తాడు పాపం, వెనక్కి తిప్పలేడు కదా. ఆ న్యాయం తెలిసినవాళ్ళకి చెరువు సంగతి ఎందుకు తట్టలేదు? మే నెలలోనో జూన్‌లోనో సీడ్ వేసిన చెరువు కూడా బయల్దేరిన ఓడే. మధ్యలో ఆపలేం, వెనక్కి తిప్పలేం. నీళ్ళ మీద ఉన్న సరుక్కి గడువు ఇచ్చారు, నీళ్ళలో ఉన్న రొయ్యకి ఇవ్వలేదు.

సరే ఇప్పుడు మన వైపు చూద్దాం, ఎందుకంటే ఇక్కడితో ఆపేస్తే అమెరికాని తిట్టి చేతులు దులుపుకున్నట్టే అవుతుంది.

బాబాయ్ కూతురు, నా చెల్లెలు, డాలస్‌లో ఉంటుంది. 2023 జులై 20న మన కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది. ఆ వారాంతం చెల్లెలు ఫోన్ చేసి "అన్నయ్యా, ఇక్కడ స్టోర్‌లో సోనా మసూరి ఒక ఫ్యామిలీకి ఒక్క బస్తానే అంటున్నారు, లైన్ పార్కింగ్ దాకా ఉంది" అంది. ఆ వీడియోలు అందరం చూశాం, నవ్వుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు నవ్వు రాలేదు. డాలస్ వాళ్ళు పాస్తా తిని బతుకుతారు, ఫర్వాలేదు. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనది, మన నూకలు తిని బతికే సెనెగల్ లాంటి దేశాలున్నాయి, ఆ నూకల మీద 2022 సెప్టెంబరులో పెట్టిన నిషేధం 2025 మార్చి దాకా ఎత్తలేదు. ఇక్కడ కాకినాడ పోర్టు మీద, దాని వెనకున్న రైస్ మిల్లుల మీద, మిల్లు వాడు ఇచ్చే రేటు మీద బతికే రైతు ఆ జులైలో అప్పుడే నారు పోసుకుని ఉన్నాడు. అమ్మే టైముకి బయట దేశాల్లో బియ్యం రేటు ఆకాశంలో ఉంది, మన రైతుకి ఆ రేటు అందకుండా గేటు మూసేశారు. ఆ ఆర్డర్‌లో కూడా లోడింగ్ మొదలైన ఓడలకి మినహాయింపు ఉంది! నాట్లు మొదలైన పొలానికి లేదు.

ప్రభుత్వం దగ్గర కారణం లేదనను. బియ్యం రేటు పెరుగుతోంది, వానలు ఎలా పడతాయో తెలియదు, ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి. పట్నంలో కొని తినేవాడి ఆకలి కూడా ఆకలే. కానీ ఆ చవక బియ్యం ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నది ఎవరూ అడగలేదు. ప్రభుత్వం పెట్టుకోలేదు, రైతు పెట్టుకున్నాడు, అతన్ని అడక్కుండానే.

ఇంకో కథ మా మేనమామది, ఆయనకి జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోట. బాబాయికి పక్కవాడి సుంకం దెబ్బ, మావయ్యకి మన సుంకం దన్ను, అందుకని ఇద్దరూ ఒకే పెళ్ళిలో కూర్చుంటే ఒకరు సుంకాలు పోవాలంటారు ఇంకొకరు ఉండాలంటారు, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, ఇండోనేషియా, మలేషియా నుంచి వచ్చే పామాయిల్ అందులో పెద్దది. ముడి పామాయిల్ మీద డ్యూటీ 2018లో 44 శాతం ఉండేది. రేట్లు మండిపోయిన 2022కి దాన్ని 5.5కి దించేశారు. 2024 సెప్టెంబరులో ఒక్కసారిగా 27.5 చేశారు, మావయ్య గెలల రేటు పెరిగింది, ఆ సంక్రాంతికి అందరికీ బట్టలు పెట్టాడు. 2025 మే చివర్లో 16.5 చేశారు. పామాయిల్ మొక్క పెట్టాక గెల కోతకి రావడానికి నాలుగేళ్ళు పడుతుంది, చెట్టు పాతికేళ్ళు పైనే కాస్తుంది. ఎనిమిది నెలల్లో మారిపోయే డ్యూటీని నమ్ముకుని పాతికేళ్ళ చెట్టు పెట్టమంటున్నారు. 2018 రేట్లు చూసి పెట్టినవాడికి కాపు వచ్చేసరికి రక్షణే పోయింది. డబ్ల్యూటీవోలో పామాయిల్ మీద 300 శాతం దాకా వేసుకోవచ్చని మనం రాయించుకున్నాం, కాబట్టి ఢిల్లీ ఎంతకి పెంచినా ఎంతకి దించినా అడిగేవాడు లేడు, రూలు ప్రకారమే జరుగుతుంది అంతా.

పత్తి సంగతి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2021లో బయటి పత్తి మీద 11 శాతం డ్యూటీ పెట్టారు. 2025 జూన్‌లో ఆదిలాబాద్ రైతు గింజ వేసినప్పుడు ఆ 11 శాతం ఉంది. ఆగస్టులో అమెరికా సుంకం మన బట్టల ఫ్యాక్టరీల మీద పడింది, వాళ్ళకి ఊరట ఇవ్వాలని ఆగస్టు 19న పత్తి మీద డ్యూటీ మొత్తం తీసేశారు, మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా అక్టోబరులో మొదటి తీత వచ్చి రైతు మార్కెట్ యార్డుకి బండి కట్టే టైముకి బయటి పత్తికి గేటు బార్లా తెరిచి ఉంది. మద్దతు ధర పొడవు పింజకి క్వింటాలు 8,110 అని ప్రకటించారు, కానీ తేమ ఎక్కువుందని మద్దతు ధరకి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ దగ్గర వెనక్కి పంపితే ప్రైవేటు వాడు చెప్పిందే రేటు. చూడండి, వాషింగ్టన్‌లో వేసిన సుంకం తిరుప్పూర్‌లో బనియన్ కుట్టేవాడి మీద పడింది, అక్కణ్ణుంచి జారి ఆదిలాబాద్‌లో పత్తి ఏరే ఆడమనిషి కూలి మీద పడింది. ఆమెకి అమెరికాతో ఏ సంబంధమూ లేదు.

ఇదంతా చదివి నన్ను అన్ని గోడలూ కూల్చేయమనే మనిషి అనుకోకండి. అవతల లూసియానా వేటగాడి బాధ కూడా నేను చదివాను. అమెరికాలో తినే రొయ్యల్లో పదింట తొమ్మిదికి పైగా బయటివే, వాళ్ళ రేవుల్లో రేటు పడిపోయి పడవలు అమ్ముకున్నారు. వాళ్ళలో ఎంతోమంది 1975 తర్వాత వియత్నాం నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు, వచ్చి ఆ తీరంలో వల పట్టుకుని కుటుంబాలు నిలబెట్టుకున్నవాళ్ళు. వాళ్ళకి రక్షణ అక్కర్లేదని నేను ఏ నోటితో అనగలను, మావయ్య తోటకి మాత్రం కావాలని అంటూ.

ఇంకో రకం అడ్డంకులు ఉన్నాయి, వాటి మీద నాకు అసలు కోపం లేదు. సముద్రంలో పట్టిన మన రొయ్యని 2019 నుంచి అమెరికా కొనడం లేదు, వలలో తాబేలు తప్పించుకునే ఏర్పాటు మన బోట్లకి లేదని. యాంటీబయోటిక్స్ దొరుకుతున్నాయని యూరప్ వాళ్ళు 2016లో మన చెరువు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో పదింట ఒకటి కాదు, సగం టెస్ట్ చేస్తామన్నారు. అప్పట్లో మా ఊళ్ళో అందరూ తిట్టారు, కానీ నిజం చెప్పాలంటే ఏది పడితే ఆ మందు చెరువులో పోసినవాళ్ళు మనలో ఉన్నారు, తర్వాత చాలామంది మానేశారు. అది దాటగలిగే గోడ, ఎత్తెంతో ముందే చెప్పిన గోడ. పని బాగు చేసుకుంటే తలుపు తెరుచుకుంటుంది, 2025 సెప్టెంబరులో యూరప్ మన సముద్ర ఉత్పత్తుల యూనిట్లు ఇంకో 102కి ఓకే చెప్పింది. రష్యా ఆయిల్ కోసం వేసిన 25 శాతాన్ని బాబాయ్ ఏ పని బాగు చేసుకుని దాటగలిగేవాడు?

కాబట్టి నేను అడిగేది చిన్నదే. సుంకం వేసుకోండి, తీసుకోండి, నిషేధం కూడా పెట్టుకోండి, కానీ ఒక పంట కాలం ముందు చెప్పండి. ఇవాళ చెప్పిన రూలు రేపు వేసే విత్తనానికి వర్తించాలి, నిన్న వేసినదానికి కాదు. వాణిజ్య ఒప్పందాల్లో పేజీలకి పేజీలు రాసుకుంటారు కదా, ఓడకి రాసినట్టు చెరువుకీ పొలానికీ ఒక లైను రాయమనండి. ఇలా ముందే చెప్తే వ్యాపారులు స్టాకు పెట్టేస్తారు, చెప్పిన ఉద్దేశమే దెబ్బతింటుంది అని అంటారు, నాకు తెలుసు. 2025లో ముందు చెప్పకపోయినా స్టాకు పెట్టారు, ఆగస్టు లోపే వీలైనంత సరుకు అమెరికాలో దించేసుకున్నారు, కోల్డ్ స్టోరేజీ ఉన్నవాడికీ వాషింగ్టన్‌లో లాయర్ ఉన్నవాడికీ కబురు ఎలాగూ ముందే అందుతుంది. అందనిది గట్టు మీద ఉన్నవాడికే. ఇంక నిజంగా ఎమర్జెన్సీ వచ్చి బియ్యం ఆపాల్సిందే అంటే ఆపండి, ఆపిన రోజు రేటుకీ రైతు అమ్ముకున్న రేటుకీ తేడా ఖజానా నుంచి కట్టండి. దేశం కోసం ఆపినప్పుడు దేశం కట్టాలి.

రొయ్యలు మనమే తిందాం, అమెరికా ఎందుకు అన్న మాట కూడా ఆ నెలల్లో బాగా వినిపించింది. తిందాం, తప్పకుండా తిందాం, మా ఇంట్లో రొయ్యల ఇగురు లేని ఆదివారం లేదు. కానీ భీమవరంలో పట్టిన రొయ్యని ఐస్ కరక్కుండా వరంగల్‌కో నాగపూర్‌కో చేర్చే బండ్లూ చల్లటి గదులూ ఒక్క సీజన్‌లో మొలవవు.

సెప్టెంబరులో ఊరెళ్ళాను. బాబాయ్ గట్టు మీద చెక్ ట్రే పైకి లాగి చూపించాడు, మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో అందులో చూస్తారు. అరచేతిలో వేసుకుంటే గాజు ముక్కలా ఉంది, వెనక సన్నగా నల్లటి గీత, టక్కున ఎగిరి నీళ్ళలో పడింది. "ఏరా అబ్బాయ్, నువ్వు పేపర్లు చదువుతావు కదా, వచ్చే పంటకి సీడ్ వెయ్యమంటావా మానెయ్యమంటావా" అన్నాడు. జనవరికి రేటు ఎలా ఉంటుందో చెప్పమని అడుగుతున్నాడు. నాలుగు రోజుల తర్వాతది చెప్పలేనివాణ్ణి నాలుగు నెలల తర్వాతది ఏం చెప్తాను? చెప్పలేను బాబాయ్ అన్నాను.

లీజు చెరువులు రెండూ వదిలేశాడు. సొంతవి రెండిట్లో ఒకదాంట్లో చేప వేస్తానన్నాడు. రెండోదానికి మాత్రం హేచరీకి ఫోన్ చేసి సీడ్ చెప్పాడు, అదీ ఎప్పుడూ వేసేదానికి సగం. నేను బస్సెక్కే రోజు తెల్లవారుజామున వ్యాన్ వచ్చింది, సీడ్ బ్యాగులు నీళ్ళ మీద వదిలారు, బ్యాగులో వేడి చెరువు వేడితో కలిసేదాకా అలా తేలనివ్వాలి. ఎంతసేపు అని అడిగితే బాబాయ్ "తొందరపడి మూతి విప్పితే చచ్చిపోతాయిరా, టైమ్ ఇవ్వాలి వాటికి" అన్నాడు, టార్చ్ లైట్ బ్యాగుల మీద పట్టుకుని.